నడుమ విడిచిన బాట

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. ఇప్పటికీ అంతే. జహీరాబాద్‌లో ఓ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. కారణం లేకుండా కంప్యూటర్‌లో ఏదీ జరగదని పిల్లలతో వాదించేది నేనే. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. సిగ్గు కన్నా సంతోషం ఎక్కువ కాబట్టి రాస్తున్నాను.

నాయన పోయాక ఝరాసంగం దగ్గరి మా పల్లె నుంచి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నాయన గొంతు మాకు ఒకే ఒక్క రికార్డింగులో మిగిలింది. నేనే ఫోన్‌లో తీశాను. తమ్ముడితో చేను పంచుకున్న సంగతి చెబుతుంటాడు.

"పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె. నేను పంచిన, తమ్ముడు బాయి దిక్కు ఏరుకున్నడు. అప్పుడు మీ అమ్మ ఒక మాటన్నది సూడు, ఏమన్నదంటే..."

సరిగ్గా అక్కడ ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ అడుగుదామనుకునేలోపే ఆయన పోయాడు. అమ్మనడిగితే "మీ నాయిననే అడుగు" అని నవ్వేది. తర్వాత ఆ ఫోన్ కూడా పాడైంది. రికార్డింగ్ నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉంది. రోజూ పొద్దున చాయ్ తాగుతూ అమ్మ అది వినేది.

మొన్న వేసవి సెలవుల్లో ఆ ల్యాప్‌టాప్‌లో పాత విండోస్‌తో పాటు లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టుకోవాలనిపించింది. రెండూ ఉండాలంటే హార్డ్ డిస్క్‌ను భాగాలు చేయాలి. ఏం చేస్తున్నావని అమ్మ అడిగితే, "చేను లాగే దీన్నీ పాలు పంచుతున్నానమ్మా" అన్నాను.

"పంచు. గని నడుమ బాట ఇడిసిపెట్టు."

"ఇందులో బండ్లు నడవవమ్మా."

"నడవకుంటే నడవకపాయె. జరంత ఇడిస్తే నీదేం పోతది?"

పెద్దావిడ మాట ఎందుకు కాదనాలని మధ్యలో కొంచెం జాగా ఖాళీగా వదిలాను. అటూ ఇటూ భాగాలు మాత్రం సరిసమానంగా చేశాను. అన్నదమ్ముల పాలు తగ్గకూడదు, పెరగకూడదు, మా ఇళ్లలో అదే లెక్క. అదే నా కొంప ముంచింది. తెర మీద రెండూ ఒకే సైజులో కనిపించేసరికి ఏది పాతదో ఏది కొత్తదో సరిగ్గా చూసుకోలేదు. పాతదాన్ని చెరిపేసి దాని మీద లినక్స్ ఎక్కించాను.

నాయన గొంతు పోయింది. ఇంకోచోట కాపీ కూడా లేదు. పిల్లలకు చెప్పేవి శ్రీరంగనీతులు మరి! పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. పక్క గదిలో అమ్మ చాటలో కందులు ఏరుతోంది. రేపు పొద్దున ఆమెకు ఏం చెప్పాలో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరిసారిగా డిస్క్ మొత్తం తెరిచి చూశాను. మధ్యలో నేను ఖాళీగా వదిలిన చోట ఓ చిన్న భాగం కనిపించింది. అది నేను చేసింది కాదు. లోపల ఒకే ఒక్క ఫైలు ఉంది. నొక్కాను.

"...ఏమన్నదంటే," అని నాయన ఈసారి అక్కడ ఆగలేదు. "చేను పంచుకో గని బాట పంచుకోకు, రేపు నీ తమ్ముడు మనింటికి ఎట్లొస్తడు, అన్నది! గంత తెలివి మీ అమ్మది!" ఆ తర్వాత ఆయన నవ్వు, దగ్గు, మళ్లీ నవ్వు. వెనక నుంచి అమ్మ గొంతు, "సాలు తియ్, పోరని ముందర."

పక్క గదిలో చాట కింద పడింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొత్త పెళ్లికూతురిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఏడ్చాను, సంతోషం పట్టలేక.

చెరిపిన డేటా డిస్క్‌లో ఎక్కడో ఓ మూల మిగిలే ఉంటుందని మా కాలేజీలో ఓ సార్ అన్నాడు. ఒప్పుకుంటాను. కానీ అసలు రికార్డే కాని మాటలు ఎక్కడ మిగిలి ఉంటాయి? ఫోన్ అప్పటికే ఆగిపోయింది కదా.

అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆ రోజు కింద పడ్డ కందులు ఎత్తుకుంటూ తల కూడా ఎత్తకుండా అన్నది:

"మరి బాట ఎందుకు ఇడువుమన్ననుకున్నవ్ కొడుకా? మనిషి రావాలంటే బాట ఉండాలె గద."