అక్క విల్లుకు ఎర్ర ట్యాగ్

నిన్న స్పోర్ట్స్ షాపులో విల్లు నారికి రాసే మైనం వాసన తగిలింది. చిన్నప్పుడు మేమున్న ఖుర్సీపార్ ఇంట్లో గోడకు వేలాడే అక్క విల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. బాణం లేకుండా నారి లాగి వదలడం నా ప్రధాన క్రీడ.

"వట్టి నారి వదిలితే విల్లు విరిగిపోద్దిరా," అనేది అక్క. చెప్పి చెప్పి విసిగి, నాన్న తను పనిచేసే స్టీలు ప్లాంటు నుంచి తెచ్చిన ఎర్ర ట్యాగ్ ఒకటి దానికి కట్టింది. రిపేరులో ఉన్న మిషన్లకు కట్టే ట్యాగ్ అది. కట్టినవాళ్లే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా ఇంట్లో దేవుడి తర్వాత సేఫ్టీ రూలే. కొన్నిసార్లు ముందు కూడా.

ఆ వారమే అక్కకు జ్వరం వచ్చింది. తనను రాయ్‌పూర్ ఆసుపత్రికి తీసుకెళ్లి, నన్ను స్మృతి నగర్‌లో పిన్ని ఇంటికి పంపారు. నేను తిరిగొచ్చాక కూడా అక్క ఆసుపత్రిలోనే ఉందన్నారు. నేను దిగులుపడలేదు. ట్యాగ్ విప్పడానికైనా రావాలి కదా.

"నారి బిగించే ఉండిపోనాదండీ. విప్పకపోతే విల్లు పాడైపోతాదని పిల్ల చెప్పేది," అంది అమ్మ ఒక సాయంత్రం.

నాన్న లేచి, నారి సడలించడానికి ముందు ట్యాగ్ విప్పారు.

"అక్క వచ్చీసిందా?" అంటూ నేను వీధిలోకి పరిగెత్తాను. ఎవరూ లేరు. వెనక్కొచ్చేసరికి నాన్న విల్లు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు.

"ఏటి నాన్నా, రూల్ మర్చిపోయావేటి?"

కట్టినవాళ్లు ఇక రాలేరని తేలితే ఇన్‌ఛార్జ్ విప్పొచ్చని కూడా రూల్లో ఉందట. అది పెద్దయ్యాక తెలిసింది. ఆ సాయంత్రం నాన్న మాత్రం, "మర్చిపోనాన్రా," అన్నారు.