నాలుగు ఖండాల పోటీ, మా అత్తమ్మ తలంబ్రాలు

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారని నాకు తెలుసు. గోదావరిలో ఈదుతుంటే మొసలి నా లుంగీ పట్టుకుని ఒడ్డుదాకా లాక్కొచ్చి దింపిందని చెప్పినప్పుడు మీరు నమ్మలేదు. సరే, అది వదిలేయండి. ఇది మాత్రం నమ్మండి. ఇంత చికాకును కల్పించే ఓపిక నాకు లేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. దుమ్ముగూడెం దగ్గర నాకొక జిరాక్సు షాపు ఉండేది. నలభై దాటినా పెళ్లీ పెటాకులూ లేవు కాబట్టి రెండు పూటలా మా అక్క ఇంట్లోనే తినేవాణ్ణి. ఆ ఇంట్లో అక్క, బావ, బావను కన్న తల్లి, ఇంటర్ చదివే నా మేనకోడలు ఉండేవాళ్లు. బావ తల్లిని నేను అత్తమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను అల్లుడా అనేది. ఇంటి ముందు మిర్చి ఆరబోయడానికి బావ సిమెంటు కళ్లం పోయించాడు. మా చుట్టుపక్కల అంత నున్నటి నేల ఇంకొకటి లేదు. మేనకోడలు ఆరో తరగతి నుంచి దానిమీదే చక్రాల బూట్లు వేసుకుని తిరిగేది. భద్రాచలంలో ఆమె చదివిన బళ్లో ఆటల సారు నేర్పాడు ఆ విద్య.

ఒక ఫిబ్రవరి ఆదివారం అన్నాలు తిని టీవీ ముందు కూర్చున్నాం. ఏదో స్పోర్ట్స్ ఛానల్‌లో మంచు మీద స్కేటింగ్ వస్తోంది. మేనకోడలు రిమోట్ పట్టుకుని ఇంక ఎవరికీ ఇవ్వలేదు.

"ఏంది అల్లుడా ఇది? గంత సలిల గా పిల్లకు బట్టలు సాలలేదా?" అంది అత్తమ్మ.

"పోటీ అత్తమ్మా. ఏటేటా పెడ్తరు. యూరపోళ్లకు వేరే పోటీ ఉంది, వాళ్లను దీంట్లకు రానియ్యరు. మిగిలిన నాలుగు ఖండాలోళ్లకే ఇది."

"అంటే తెల్లోళ్లు రారన్నట్టు."

"రారు."

సరిగ్గా అప్పుడే తెరమీదికి సున్నం కొట్టినంత తెల్లటి పిల్ల వచ్చింది. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"ఆమెది అమెరికా," అన్నాను.

"అమెరికా తెల్లోళ్లు తెల్లోళ్లు గారా?"

గోడమీద క్యాలెండర్‌లో ఉన్న భూగోళం బొమ్మ చూపించి ఖండాల లెక్క చెప్పబోయాను. ఆమె వినలేదు.

"మనం ఏ ఖండంల ఉన్నం?"

"ఆసియా."

"అయితే మనం పోవచ్చు."

"పోవచ్చు."

"మరి మనోళ్లేరి? ఒక్కరు కూడ కనవడరు. బస్సు దొరకలేదా?"

టీవీలో ఇంగ్లీషు మాటలు గడగడా వస్తున్నాయి. నాకు ఆ భాష సగం వచ్చు. మిగతా సగం నేను సమకూర్చేవాణ్ణి. ఒక పిల్ల ఆడటం అయిపోగానే చూసేవాళ్లు పూలగుత్తులు, బొమ్మలు మంచు మీదికి విసిరారు. "ఎందుకిసురుతున్నరు?" అని అత్తమ్మ. ఆమె నోరు మూయించడానికి, కేవలం అందుకే, ఒక మాట అన్నాను.

"ఇసరాలె అత్తమ్మా. ఎన్ని పడితే గన్ని మార్కులు. ఏం పడకపోతే కోత పెడ్తరు."

"అట్లనా!" అని ఆమె నిజంగానే నోరు మూసుకుంది. బతికాననుకున్నాను.

ఆ బతుకు రెండు నిమిషాలే. మంచంమీద కళ్లు మూసుకుని ఉన్న బావ లేచి కూర్చున్నాడు.

"బామ్మర్దీ, దీంట్లకు మనం పోవచ్చంటివి గదా?"

"బావా, దానికి మంచు గావాలె. మన దిక్కు మంచు సోడా బండి మీద తప్ప యాడుంది?"

"మంచు సంగతి తర్వాత. ఇదే ఆట చక్రాల మీద ఉందా లేదా, అది చెప్పు."

"ఉంది నాన్నా," అంది మేనకోడలు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఆర్టిస్టిక్ అంటరు. జల్దీ ఉరికే పోటీకైతే మస్తు మంది వస్తరు. దీనికి ఎవ్వరూ రారు."

ఎవ్వరూ రారు అన్న మాట బావ చెవిలో పడ్డ తీరు నేను చూశాను. ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసే అతని దోస్తు కొడుకు ఆటల కోటాలో సీటు కొట్టాడు. అప్పటినుంచి ఆ కోటా బావ బుర్రలో తిరుగుతూనే ఉంది. జిల్లాలో నెగ్గితే రాష్ట్ర పోటీ, అక్కడ ఆడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే డాక్టర్ చదువు. పిల్లకు డాక్టర్ చదవాలని పిచ్చి. మార్కులు బాగానే వచ్చేవి కానీ, సీటు వచ్చేంత బాగా కాదు. మధ్యలో ఉన్న ఆ కాస్త ఖాళీని చక్రాల మీద దాటాలని ఆ ఆదివారమే తండ్రీ కూతుళ్లు నిశ్చయించుకున్నారు. ఎంపిక ఖమ్మంలో, శ్రీరామనవమి వెళ్లిన వారానికి.

ఇక నా కష్టాలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం షాపు మూసి టేప్‌రికార్డర్ పట్టుకుని కళ్లం అంచున కూర్చోవడం నా పని. పాట ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ పెట్టడం. కళ్లం నిండా మిర్చి. అక్క దాన్ని ఒక పక్కకు ఊడ్చి చోటు చేస్తుంది. పిల్ల గిర్రున తిరుగుతుంది. ఘాటు లేస్తుంది. పాట పూర్తయ్యేలోగా నేను పదిసార్లు తుమ్ముతాను.

"మిర్చి కళ్లంల ఉండంగ గీ గిరగిరలేందే! తొడిమెలన్నీ ఊడుతున్నయ్, మార్కెట్ల ఎవడు కొంటడు?" అని అక్క.

"బిడ్డ బతుకు ముఖ్యమా, తొడిమె ముఖ్యమా?" అని బావ.

"తొడిమె," అంటుంది అక్క, ఆలోచించకుండా.

ఇద్దరూ తిరిగి నన్ను చూస్తారు, ఈ టీవీ ఆట నేనే కనిపెట్టినట్టు. పిల్ల మాత్రం ఎవరినీ చూడదు. టీవీలో చూసిన ఒక కిటుకు పట్టుకుంది. ఆట సగంలో ఉండగా పాట సన్నబడుతుంది. అప్పుడు చేతులు రెండూ పైకెత్తి, బొమ్మలా ఆగిపోతుంది. మూడు అంకెలు లెక్కపెట్టుకుని, చివరి గిరగిరకు దూకుతుంది.

"ఎందుకే ఆగుతవు? దమ్ము సాలట్లేదా?" అని బావ ఒకసారి అడిగాడు.

"జడ్జీలు దమ్ము పట్టుకోవాలె నాన్నా, అందుకు."

అత్తమ్మ ఇవేవీ చూడలేదు. ఘాటు పడక లోపలి గదిలోనే ఉండేది. చూపు కూడా అంతంతమాత్రం. కానీ నవమికి భద్రాచలం పోయి, కల్యాణం చూసి, తలంబ్రాలు కొంగున కట్టుకొచ్చింది. బియ్యం, పసుపు, మధ్యమధ్య ముత్యాలు. అవి ఎందుకు దాచిందో బస్సెక్కాక తెలిసింది.

ఖమ్మం బస్సులో బావ, పిల్ల, అత్తమ్మ, నేను. అక్క మిర్చి బస్తాలు కుట్టించాలని ఆగిపోయింది. "అల్లుడా, పూలు తేలేదు. ఇవి సాలవా?" అని అత్తమ్మ కొంగు ముడి చూపించింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, నేను ఆనాడు అన్నది ఉత్తదే అని చెప్పవచ్చు. చెప్తే దారంతా ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. "సాల్తయ్ అత్తమ్మా, కానీ ఆట అయినంకనే," అన్నాను.

ఎంపిక ఒక బడి ఆవరణలో పెట్టారు. బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు నేల, చుట్టూ జనం. ఉరికే పోటీ పిల్లల అమ్మానాన్నలే ఎక్కువ. మా ఆటకు వచ్చింది ఇద్దరే ఇద్దరు: మా పిల్ల, ఖమ్మం పిల్ల ఒకతె. ఇద్దరిలో ఒకరిని తీసుకుంటారు. బావ మొహంలో అప్పుడే డాక్టర్ తండ్రి ఠీవి వచ్చింది.

ముందు మా పిల్లే. పాట మొదలైంది. నేను ఇన్ని రోజులు తుమ్ముల మధ్య చూసిన పిల్ల కాదు ఈమె. మిర్చి లేదు, ఘాటు లేదు, అంత నేలా ఆమెదే. వెనక్కి జారింది, ఒంటికాలి మీద వంగింది, ఎగిరి దిగింది. గోల చేస్తున్న జనం ఇటు తిరిగారు. పాట సన్నబడింది. పిల్ల చేతులు పైకెత్తి ఆగింది.

అప్పుడే అత్తమ్మ, ఆట అయిపోయిందనుకుని, కొంగు ముడి విప్పి గుప్పెడు తలంబ్రాలు నేలమీదికి చల్లింది.

మూడు అంకెలయ్యాయి. పిల్ల చివరి గిరగిరకు దూకింది. చక్రం కింద ఏ ముత్యం దొర్లిందో, మోకాలి మీద పడింది. లేచింది, మళ్లీ తిరగబోయింది, బియ్యం మీద మళ్లీ జారింది. పాట అయిపోయింది.

నేల ఊడవడానికి ఒకామె చీపురు పట్టుకుని వచ్చింది. "రాములోరి తలంబ్రాల మీద చీపురు పెడ్తవా!" అని అత్తమ్మ కేకేసింది. అంతే. చీపురామె చీపురు వదిలేసి దండం పెట్టింది. జనం చెప్పులు విడిచి నేలమీదికి దిగారు. ఒక్కొక్క గింజా ఏరి కళ్లకద్దుకుంటున్నారు. జడ్జి కూడా బూట్లు విప్పి వంగాడు. ఆయనకో ముత్యం దొరికింది. దాన్ని కళ్లకద్దుకుని చొక్కా జేబులో వేసుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని, అదే చేత్తో మా పిల్ల మార్కులు కోశాడు.

బావ ఆయన ముందు నిలబడ్డాడు. "సార్, ఇంకొకసారి ఆడనియ్యండి."

"రూలు లేదండీ. మీవాళ్లు నేల మీద వస్తువులేస్తే మీదే బాధ్యత."

"మరి మీ జేబుల ముత్యం సంగతేంది?"

"అది దేవుడిది."

గింజలన్నీ ఏరాక, అద్దంలాంటి శుభ్రమైన నేలమీద ఖమ్మం పిల్ల రెండు చుట్లు తిరిగి చేతులూపింది. ఆమెను తీసుకున్నారు.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ దగ్గర కూర్చుంది. మోకాలికి కట్టు. కొత్తగూడెం దాటాక, బయటికే చూస్తూ అడిగింది.

"ఎవరు చల్లిన్రు?"

బావ నన్ను చూశాడు. నేను అత్తమ్మను చూశాను.

"నానమ్మకు కండ్లు సరిగ ఆనవు గద బిడ్డా," అన్నాను.

అత్తమ్మ కొంగు సర్దుకుంది. "అవ్ బిడ్డా, నేనే. అయిపోయిందనుకున్న," అంది.

ఎండాకాలమంతా, తునికాకు సీజను అయిపోయేదాకా, ఆ పిల్ల నానమ్మతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, మందుబిళ్ల ఇచ్చేది, మాట మాత్రం లేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి సీటూ లేదు. డిగ్రీలో చేరింది. బూట్లు అటక మీదికి పోయాయి.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. పై కథలో కల్పించింది ఒక్క వాక్యమే. తలంబ్రాలు చల్లింది అత్తమ్మ కాదు. ఆమె కొంగు ముడి విప్పి, "అయిందా అల్లుడా?" అని అడిగింది. ఇంకా అడుగుతుండగానే ఆమె కొంగులోంచి గుప్పెడు తీసి చల్లింది నేను. ఆ ఆగడం నేను సాయంత్రాల తరబడి చూసిందే. టేప్‌రికార్డర్ మీద వేలు పెట్టి మూడు అంకెలు నేనూ లెక్కపెట్టిందే. ఆ రోజు పిల్ల అంత బాగా ఆగింది, నాకు అంకెలు గుర్తుకు రాలేదు.

బస్సు దిగాక అత్తమ్మను పక్కకు పిలిచి, ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"పిల్ల నాతోని మాట్లాడకుంటె ఒకే ఇంట్ల ఉంటం, ఎన్ని రోజులుంటదిరా? నీతోని మాట్లాడకుంటె నువ్వు ఇంటికే రావు," అంది. "తిండికి యాడికి పోతవు?"