ముందు చివరిమాట

నజీరుద్దీన్ చిచ్చాకు ఒకటే జబ్బు. వీడియోగేమ్ ఒకటి ఆడి ముగించాడంటే దాని సంగతి ఎవరికో ఒకరికి చెప్పాలి. చెప్పడం చివర నుంచే మొదలుపెట్టాలి. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అన్నది తేల్చిన తర్వాతే ఆయన నోటి నుంచి ఆట పేరు వస్తుంది. బెల్లంపల్లిలో ఆటల పిచ్చి ఉన్న పోరగాళ్లంతా ఆయన ఎదురైతే సందు మారేవాళ్లు. మారలేనివాళ్లు చెవులు మూసుకునేవాళ్లు.

ఈ రెండూ చేతకాని మనిషి అలేఖ్య. ఆమె ఊరు కరీంనగర్. బెల్లంపల్లిలో బ్యాంకు ఉద్యోగం, నజీరుద్దీన్ చిచ్చా ఇంటి గోడను ఆనుకున్న పోర్షన్‌లో అద్దె. ఆమెకూ ఆటల పిచ్చే. కరీంనగర్‌లో ఉన్న తమ్ముడు విక్రాంత్ కొత్త ఆట ఏదొచ్చినా రెండు పంపేవాడు, ఒకటి అక్కకు, ఒకటి చిచ్చాకు. బ్యాంకు నుంచి వచ్చి వంట చేసుకున్నాక ఆమెకు మిగిలేది గంటన్నర. రిటైరైన చిచ్చాకు రోజంతా ఖాళీయే. ఇద్దరూ ఒకే రోజు మొదలుపెడితే ఎవరు ముందు ముగిస్తారో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

ముగించిన రోజు ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పరామర్శకు వచ్చినట్టు వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ముఖంలో నవ్వు ఉండేది కాదు.

"అలేఖ్యా, గుర్రం సస్తది బిడ్డా."

"చిచ్చా, వద్దు! చెప్పకుండ్రి!"

"మనిషికేం గాదు, ఫికర్ జెయ్యకు. దొంగలు ఇద్దరు పోతరు. ముసలామె దక్కుతది. గుర్రమొక్కటే..."

"నేనింక గా గుర్రం కొననే లేదు చిచ్చా!"

"కొనకు మరి," అన్నాడాయన గంభీరంగా. "మనసు వెట్టుకుంటవు."

అంతా చెప్పేశాక కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇగ మొదటి సంది చెప్త, విను," అనేవాడు. అప్పుడు మాత్రం ఎంత బాగా చెప్పేవాడో! మంచులో ఆ గుర్రం కాలు ఎలా జారిందో, ముసలామె దాని మెడ మీద చెయ్యి ఎలా వేసిందో ఆయన చెప్తుంటే అలేఖ్యకు కోపమూ వచ్చేది, కళ్లలో నీళ్లూ వచ్చేవి. తిట్టాలో వినాలో తేలేది కాదు.

అసలు ఆయనకు ఈ ఆటల గాలి సోకింది అన్న కొడుకు సాద్ వల్ల. సాద్‌కు బజారులో గేముల దుకాణం ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూతపడింది. అతను ట్యాక్సీ కొనుక్కుని, ఆటల మిషన్ ఒకటి దాచమని చిచ్చా ఇంట్లో పెట్టాడు. చిచ్చా భార్య వజీరున్నీసా దాని మీద కుట్టుపూల గుడ్డ కప్పి ఆరు నెలలు అల్మారా మీద ఉంచింది. ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు ఉంది, కేబుల్ లేదు. చిచ్చా గుడ్డ తీశాడు. అంతే, మళ్లీ కప్పలేదు.

ఆయన ఆడే పద్ధతి చూడాలి. చిచ్చా ముప్పై ఏడేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు, అందులో ఎక్కువ కాలం మైనింగ్ సర్దార్‌గా. షిఫ్టులో అందరికన్నా ముందు లోపలికి పోయి, కట్టెతో పైకప్పును తట్టి, చప్పుడు విని, మనుషులు రావచ్చో లేదో చెప్పే ఉద్యోగం అది. ఆటలోనూ అదే ఉద్యోగం. కథానాయకుడు గుహలో నిధి కోసం పోవాల్సి ఉంటే, చిచ్చా అతన్ని అడుగుకోసారి ఎగిరించి కత్తిపిడితో పైకప్పును కొట్టించేవాడు. ఒక గుహ దాటడానికి పదకొండు రోజులు పట్టింది.

"చిచ్చా, గా గుహ కూలదు. అది బొమ్మ," అని సాద్ మొత్తుకున్నాడు.

"గీసినోనికి తెల్వదు. ఇంత వెడల్పుకు నడుమ రెండు కట్టెల ఆసరన్న ఉండాలె. నిధి యాడికి పోతది? ముందు మనిషి మంచిగుండాలె."

ఆట అయ్యాక తెర మీద దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. లోకంలో ఎవరూ వాటిని చదవరు. చిచ్చా మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ఆఖరి పేరు పోయేదాకా కూర్చునేవాడు. ఆయన దృష్టిలో అది షిఫ్టు దిగినవాళ్ల హాజరు. ఒకసారి ఇరవై నిమిషాలు చూసి, "ఇంతమంది పనిచేసిండ్రా! అందరు మంచిగ ఇంటికి పోయిండ్రా?" అని సాద్‌ను అడిగాడు. సాద్ ఛాయ్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

వ్యవసాయం చేసుకునే ఆట ఒకటి ఆయనను నిజంగా కలవరపెట్టింది. గేటు దగ్గరికి వచ్చి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. చివరికి, "గీ ఆటల ఎవ్వరు సావలే," అన్నాడు. "ఒక కోడి సుత." ఆ మాట చెప్పడానికి ఆ రోజు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ఆయన ముఖం పెళ్లి కుదిరిన ఇంటివాడిలా ఉంది.

తగువు వచ్చింది మాత్రం దసరా తర్వాత వచ్చిన ఆట దగ్గర. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఆట. అది చేతికొచ్చిన పది రోజులకు గానీ వీలుపడక, అలేఖ్య అప్పుడు బ్యాంకుకు రెండు రోజులు సెలవు పెట్టుకుంది. పల్లీలు వేయించి పెట్టుకుంది. మొదలుపెట్టి గంట కాకముందే గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా కనబడింది.

"పడవల ఎక్కినోల్లు తొమ్మిదిమంది బిడ్డా. ఒడ్డుకొచ్చేది వంటామె ఒక్కతే."

అలేఖ్య లేచి వెళ్లి ఆయన ముఖం మీదే తలుపు వేసింది. మళ్లీ తెరిచింది.

"చిచ్చా, మీకు దండం వెడత. ఏమైతదో తెల్వకుండ ఆడుతనే గద మజా!"

"మజానా?" అన్నాడాయన. ఆమె నోట ఏదో రాకూడని మాట వచ్చినట్టు చూశాడు. "ఎవలు బతుకుతరో తెల్వకుండ గంతసేపు కూసునుడు మజానా?"

"అవును, మజానే. ఇగ మీరు నాకు ఏ ఆట సంగతి చెప్పద్దు."

ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. ఇరవై రోజులు మాట తప్పలేదు. ఆ ఇరవై రోజుల్లో మూడు చిన్న ఆటలు ముగించాడని గోడ అవతలి మౌనాన్ని బట్టే తెలిసిపోయేది. గేటు దాకా వచ్చి, పెదవులు కదిలించుకుని, వెనక్కి తిరిగేవాడు. వజీరున్నీసా దిగులుపడి గోడ మీది నుంచి బతిమాలింది.

"బేటీ, జర ఒక్క సావన్న విను. మనిషి అన్నం తింటలేడు."

"నేను వినను చాచీ," అంది అలేఖ్య. మొండిఘటం.

ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం, బ్యాంకు సెలవు. మధ్యాహ్నం రెండింటికి కరీంనగర్ నుంచి తండ్రి ఉపేందర్‌రావు ఫోన్ చేశాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు. ఏంది?"

"ఏం లేదు. జర బయలెల్లి రా."

"ఎందుకు?"

"ఏం లేదన్న గద. విక్రాంత్‌కు జర బాగలేదు. పరేషాన్ గాకు. నువ్వైతే రా." ఫోన్ పెట్టేశాడు.

ఈ ఫోన్‌కు అర్థం తెలియనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? ఏమీ లేకపోతే ఎవరూ రమ్మనరు. బాగాలేదంటే సీరియస్ అని, సీరియస్ అంటే అయిపోయిందని పుట్టిన దగ్గర నుంచీ నేర్చుకుంటాం. తాత పోయినప్పుడు అలేఖ్యకు చెప్పింది 'కొద్దిగ జ్వరం' అని. మళ్లీ చేస్తే తండ్రి ఫోన్ ఎత్తలేదు. ఆమె ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తమ్ముడు లేడన్న మాట ఆమె మనసులో అప్పటికే కూర్చుంది.

వజీరున్నీసా పరుగున వచ్చి పట్టుకుంది. పక్కన ట్యాక్సీ కడుక్కుంటున్న సాద్ సంగతి విని, "ఏం గాదక్కా, నీళ్లు తాగు," అన్నాడు.

"ఏం గాదని నీకు తెల్సా?" చిచ్చా గొంతు బస్తీ అంతా వినబడింది. "తెల్వంది చెప్పకు!"

అలేఖ్య చేతిలోని ఫోన్ తీసుకుని ఆయనే కలిపాడు. ఎత్తేదాకా కలుపుతూనే ఉన్నాడు. ఏడోసారి ఉపేందర్‌రావు ఎత్తాడు.

"సాబ్, నేను పక్కింటి నజీరుద్దీన్‌ను. పిలగాడు బతికిండా, లేడా?"

"అరే, గదేం మాటండి? ఆడ పిల్ల పరేషాన్ అయితది..."

"పిల్ల ఇప్పటికే సగం సచ్చింది. పిలగాడు బతికిండా?"

"డాక్టర్లు సూస్తుండ్రు..."

"డాక్టర్ల సంగతి తర్వాత. మీరు మీ కండ్లతోని సూసిండ్రా?"

"సూసిన."

"ఊపిరున్నదా?"

"ఉన్నది."

"మాట్లాడిండా?"

"మాట్లాడిండు. అమ్మకు చెప్పకుమన్నడు." ఉపేందర్‌రావు ఇక దాచలేదు. మిగతాది తనే చెప్పాడు. బర్రె అడ్డమొస్తే బండి జారింది. కుడి తొడ బొక్క విరిగింది. తలకు స్కాన్ తీశారు, ఏమీ లేదు. ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

చిచ్చా ఫోన్ దించి, అలేఖ్య కళ్లలోకి చూశాడు.

"బతికిండు. తొడ బొక్క ఇరిగింది. తల మంచిగున్నది. మీ బాపుతోని మాట్లాడిండు. ఆపరేషన్ నడుస్తుంది, అది ఎట్లయితదో నాకు తెల్వది, ఎవలకు తెల్వది. తెలిసింది గింతే బిడ్డా. దాసింది ఏం లేదు."

అలేఖ్య గడప మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. ఏడ్చాక నీళ్లు అడిగి తాగింది. రెండో చెప్పు వేసుకుంది.

సాద్ ట్యాక్సీ తీశాడు. చిచ్చా ముందు సీట్లో, ఆడవాళ్లిద్దరూ వెనక. మంచిర్యాల దాటాక వజీరున్నీసా ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"గప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. మా అబ్బా పొద్దటి షిఫ్టుకు దిగిండు. లోపట పైకప్పు కూలిందన్నరు. బాయి గేటు కాడ నిలవడ్డం. ఒకలొచ్చి నీళ్లు తాగుమంటరు, ఒకలు కూసోమంటరు, ఒకలు ఏం గాలేదంటరు. దినమంత గిదే ముచ్చట. పొద్దుగూకినంక గీయన పైకొచ్చిండు. ఎవలో నాకు తెల్వదు. మొకం నిండ బొగ్గు. సీదా నా కాడికే వచ్చి, 'మీ అబ్బా లేరు. నేను సూసిన,' అన్నడు. గప్పుడు నా కాళ్లకు నేల తాకింది బేటీ. ఆఫీసర్ల కన్న ముందు చెప్పినందుకు గీయనకు మెమో ఇచ్చిండ్రు."

"మరి మీరు?"

"నేను? నేను చేసుకున్న," అని ముసిముసిగా నవ్వింది.

"మూడేండ్ల తర్వాత," అన్నాడు చిచ్చా ముందు సీట్లోంచి, తిరిగి చూడకుండా.

అలేఖ్యకు సిగ్గేసింది. తను మజా అన్న ఆ తెలియకపోవడాన్ని ఈ మనిషి ఒక గేటు దగ్గర, ఆడవాళ్ల ముఖాల్లో చూసి వచ్చాడు. ఇరవై రోజులు ఆయన నోరు కట్టేసినందుకు క్షమించమని అడగాలనుకుంది. నీళ్ల సీసా ముందు సీట్లోకి అందించింది.

పెద్దపల్లి దాటుతుండగా తండ్రి ఫోన్ వచ్చింది. "ఆపరేషన్ మంచిగైంది బిడ్డా. తెలివికొచ్చిండు. అన్నం తిన్నవా?" అన్నాడు. ఆ తర్వాత, "మీ అమ్మకు ఇంక చెప్పలే. నువ్వు ఇంటికి పోకు, సీదా దవాఖానకే రా," అన్నాడు.

అలేఖ్య ఫోన్ పెట్టేసింది. ఏమీ అనకుండా ఉండటానికి చిచ్చా పడుతున్న కష్టం మెడ వెనక నుంచి కూడా తెలుస్తూనే ఉంది.

"సాద్, ముందు మా ఇంటికి పోనియ్యి," అంది అలేఖ్య.

తల్లి మనోరమ గేటు దగ్గరే నిలబడి ఉంది. కారు ఆగకముందే అలేఖ్య కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "అమ్మా, విక్రాంత్ బతికే ఉన్నడు! కాలు ఇరిగింది. ఆపరేషన్ అయింది, తెలివికొచ్చిండు!"

మనోరమ గేటు పట్టుకుని కూతురి ముఖం వైపు చూసింది. దిగాక దగ్గరికి తీసుకుని, ఆ ముఖమంతా చేత్తో తడిమింది.

"ముప్పై రెండేండ్ల సంసారంల మీ బాపు నన్ను ఛాయ్ తాగినవా అని ఒక్కనాడు అడుగలే," అంది. "పొద్దటి సంది మూడుసార్లు ఫోన్ జేసి అడిగిండు. ఎవలికో ఏమో అయిందని మొదటిసారే తెలిసింది. మీ ఇద్దరిల ఎవలో తెల్వక గీ గేటు కాడనే నిలవడ్డ. నీకు ఫోన్ జేద్దమంటే చెయ్యి రాలే. నువ్వు ఎత్తకపోతే?"

చిచ్చా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, బర్రె దగ్గర నుంచి స్కాన్ దాకా తనకు తెలిసిందంతా ఒక్క ముక్క దాచకుండా ఆమెకు చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా విన్నది. విన్నాక కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి భర్తకు కలిపింది.

"ఏమండి, ఛాయ్ తాగిండ్రా?"

అవతల ఉపేందర్‌రావు హడలిపోయాడు. "ఎందుకు? ఏమైంది? ఎవలికేమైంది?" అని ఆయన అరుస్తుంటే పక్కనున్నవాళ్లందరికీ వినబడింది.

"ఏం లేదు," అంది మనోరమ చల్లగా. "మీరు తాగుండ్రి."

నజీరుద్దీన్ చిచ్చాకు అది సహించలేదు. ఆమె చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు.

"సాబ్, ఎవలికి ఏం గాలే. మీ బిడ్డ ఇంటికి వచ్చింది, మీ ఇంటామెకు అంత తెలిసింది. ఇగ మీ సంగతొక్కటే జర ఖరాబున్నది."