సబ్బత్త మూటలు

రేవు వెనక సందులో లాండ్రీ నడిపే ఆమెను అందరూ సబ్బత్త అనేవారు. ఓడల మీద నుంచి దిగినవాళ్ళ బట్టలు ఆమె ఉతికేది, మేనకోడలు ఇస్త్రీ చేసేది. మూటలకు చీటీలు కట్టడం ఆమెకు గిట్టదు. కొత్త మనిషి రాగానే సబ్బుబిళ్ళ పైకెత్తి, "దీన్నేమంటారు మీ ఊళ్ళో?" అన్నట్టు కళ్ళెగరేసేది. అతను చెప్పిన మాటే ఆ మూట పేరు.

పోర్చుగీసు మనిషి "సబావ్" అన్నాడు. స్వాహిలీ కుర్రాడు "సబూని" అన్నాడు. జపాను ముసలాయన తన తాతల నాటి మాట గుర్తుచేసుకుని "షబోన్" అన్నాడు. ఆ భాషలకు ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. ఈ మాటొక్కటే ఇల్లిల్లూ తిరిగొచ్చింది.

నాలుగు భాషలొచ్చిన ఓడ డాక్టరొకాయన, "లాటిన్లో 'సాపో' అనేవారమ్మా. వాళ్ళకీ యూరపు ఉత్తరాది తెగల నుంచి వచ్చిందంటారు. మొదట్లో దాన్ని జుట్టుకి ఎర్రరంగు వేసుకోడానికి వాడేవాళ్ళట" అన్నాడు.

"అయితే బట్టల సంగతి తర్వాత గుర్తొచ్చిందన్నమాట!" అంది సబ్బత్త.

"చీటీ కడితే నీ సొమ్మేం పోయింది అత్తా?" అని మేనకోడలు సణిగేది.

"చీటీ నానిపోతుందే. నా చెవులు నానవు."

ఆ చెవులే ఒకరోజు కొంప ముంచాయి. పొద్దున ఒక తుర్కీ భారీ మనిషి మూట పట్టుకెళ్ళాడు. మధ్యాహ్నం ఇండోనేషియా ఓడ వంటవాడొచ్చి, తన మూట విప్పితే తనలాంటివాళ్ళు ఇద్దరు పట్టే ప్యాంట్లు బయటపడ్డాయి. మొదట నవ్వాడు. తర్వాత అడుగుదాకా వెతికి, మొహం పాలిపోయి, స్టూలు మీద కూలబడ్డాడు. కాస్త ఇంగ్లీషొచ్చిన మేనకోడలు అతణ్ణి అడిగి చెప్పింది.

"అందులో వాళ్ళమ్మ శాలువుందట అత్తా. ఆవిడ పోయింది. ఇతని ఓడ సాయంత్రమే బయల్దేరుతుందట."

ఇద్దరూ "సబూన్" అన్నవాళ్ళే. సబ్బత్త చేతిలో తడిసబ్బు అలాగే ఉండగా, తుర్కీ మూట చంకన పెట్టుకుని రేవు గేటు దాకా ఒక్క పరుగు తీసింది. వెనకే వంటవాడు, మేనకోడలు.

"పాసుందా?" అన్నాడు గేటు కాపలాదారు.

"నీ యూనిఫారం ఉతికేదాన్ని, నాకు పాసేంట్రా?"

"అందుకే పోనివ్వనత్తా. లోపలంతా నూనె మడ్డి. చీర పాడైతే ఎవరు ఉతుకుతారు?"

ఆమె తిట్టు అందుకునేలోపే లోపలినుంచి ఆ భారీ మనిషి పెద్దపెద్ద అంగలతో వస్తూ కనిపించాడు. మూట భుజాన ఉంది. శాలువ మాత్రం విడిగా, మడత చెదరకుండా, రెండు చేతుల మీదా ఉంది. ఆడమనిషి శాలువ చూడగానే వెనక్కి తిరిగాడట.

వంటవాడు శాలువలో మొహం దాచుకుని చాలాసేపటికి తలెత్తాడు. "సబూన్" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ, తన మూట పేరు అదేనన్నట్టు దాన్ని తట్టి.

"సబూన్!" అన్నాడు తుర్కీవాడు ఆశ్చర్యంగా. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు.

సబ్బత్త గట్టు మీద చతికిలబడింది. "ఓరి నాయనల్లారా! ఇద్దరిదీ ఒకటే మాటని ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"ఇప్పుడైనా చీటీలు కడదామా?" అంది మేనకోడలు.

సబ్బత్త గేటు పక్క కుళాయి వైపు వేలు చూపించింది. తుర్కీవాడు "సు" అన్నాడు. వంటవాడు "ఆయిర్" అన్నాడు.

"హమ్మయ్య, నీళ్ళు వేరే!" అని గుండెల మీద చెయ్యేసుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

ఆమె పోయేదాకా ఆ లాండ్రీలో ప్రతి మూటకూ సబ్బుదొకటి, నీళ్ళదొకటి, రెండు మాటల పేరు ఉండేది.