ఆరో బల్ల దగ్గర కల్లం

రాఘవమ్మతో మాట్లాడదలచినవాళ్ళు ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటారు. ఆమె నోటికి భయపడి కాదు, ఆ నోటికి ఊరు ఎప్పుడో అలవాటు పడింది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆమె ఎక్కడుంటే అక్కడ ఎండుమిరపకాయలుంటాయి. ఘాటు మీదికొచ్చే వైపు నిలబడి ఆమెతో వాదించి నెగ్గిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మొదటి తుమ్ముతోనే సగం వాదం పోతుంది. మిగతా సగం కళ్ళు తుడుచుకోవడంలో పోతుంది.

నల్లపాడు దాటి లోపలికి వెళ్ళాక వచ్చే ఆ ఊరికి ఒక మంచినీళ్ళ చెరువుంది. దాని పడమటి కట్ట మీద రాఘవమ్మ ముప్ఫై ఏళ్ళుగా కాయ ఎండబెడుతోంది. భర్త పిచ్చయ్య ఉన్నన్నాళ్ళూ సేద్యం ఆయనది, కల్లం ఆమెది, మాట్లాడే బాధ్యత కూడా ఆమెదే. ఆయన పోయాక మూడూ ఆమెకే వచ్చాయి. పొలం మాత్రం ఎప్పుడూ వాళ్ళది కాదు. శ్రీకృష్ణ అనే ఆసామి దగ్గర కౌలుకు తీసుకున్న రెండెకరాలు.

కిందటేడు మిరప కోతలన్నీ అయ్యాక పంచాయతీకి ఊరి ఆరోగ్యం మీద దిగులు పుట్టింది. చెరువు చుట్టూ రంగు ఇటుకలు పరిచి నడక దారి వేశారు. ముసలివాళ్ళకీ మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ సుఖంగా ఉండాలని ఎక్కడా మిట్ట లేకుండా చదును చేశారు. ఆగి ఆయాసం తీర్చుకోవడానికి ఎనిమిది సిమెంటు బల్లలు కట్టారు. ప్రతి బల్లకీ ఒక స్వర్గస్థుడి పేరు. బతికున్నప్పుడు ఫర్లాంగు నడవని మహానుభావులు కూడా ఇప్పుడు నడిచేవాళ్ళకి వీపు ఆనిస్తున్నారు. ఆరో బల్ల పక్కన, సరిగ్గా రాఘవమ్మ కల్లం ఉండే చోట, యోగాసనాల కోసమని పెద్ద గుండ్రటి అరుగు పోశారు.

ఆ అరుగును చూసి రాఘవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళకి ప్రభుత్వం తనని గుర్తించి, మట్టి కల్లానికి సిమెంటు చేయించిందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. కాదని చెప్పబోయినవాళ్ళంతా గాలి చూసుకోకుండా నిలబడ్డారు.

ఇక్కడ సీతారామాంజనేయులు గారి ప్రస్తావన తప్పదు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరై, షుగరుతో పాటు వాకర్స్ సంఘం అధ్యక్ష పదవి కూడా సంపాదించుకున్న పెద్దమనిషి. రోజుకు మూడు చుట్లు నడిచి, ఎనిమిది బల్లల మీదా కూర్చునేవారు. ఏ స్వర్గస్థుడికీ అన్యాయం జరగకూడదని ఆయన సిద్ధాంతం.

ఈ ఏడు రెండో కోత కాయ అరుగు మీద పరిచిన రోజే ఆయన ఆరో బల్ల దగ్గర ఆగిపోయారు.

"రాఘవమ్మా, ఇది వాకింగ్ ట్రాకు."

"నడవండి మేష్టారూ, నేనేమన్నా కాళ్ళు పట్టుకున్నానా?"

"ఈ ఘాటులో ఎట్లా నడవమంటావ్? ఊపిరాడి చావట్లా."

"మీ నాన్న కల్లంలోనే పుట్టి పెరిగారుగా. అప్పుడాడిన ఊపిరి ఇప్పుడేమైంది, పింఛనొచ్చాక ఆగిపోయిందా?"

ఆయన ఏదో అనబోయి తుమ్మారు. వరసగా ఏడు. వెంట ఉన్న సంఘ సభ్యులు గౌరవంగా వేచి ఉన్నారు. తుమ్ములయ్యాక ఆయన తిన్నగా పంచాయతీ ఆఫీసుకు నడిచారు. ఆ రోజు నాలుగో చుట్టు అదే.

రాఘవమ్మకి ఆ కాయ ఆరడానికి ఆరు రోజుల ఎండ కావాలి. ఆరితే ఎర్రగా గలగలలాడుతుంది. మధ్యలో తడి తగిలితే తెల్లబారి తాలైపోతుంది. శ్రీకృష్ణ ముందే తెగేసి చెప్పాడు: "పోయినేడు సగం తాలే చేశావు. ఈసారి కూడా కాయ రంగు పోతే పొలం ఇంకొకళ్ళకిస్తా, ఏమనుకోబాకు." రెండెకరాలూ పోతే రాఘవమ్మకి మిగిలేది నోరొక్కటే. దాన్ని కౌలుకు తీసుకునేవాడు ఊళ్ళో లేడు.

మూడో రోజున పంచాయతీ కార్యదర్శి మొహిద్దీన్ బాషా స్కూటరు మీద వచ్చాడు. నోటీసు చదివాడు. మర్నాటికల్లా కాయ ఎత్తేయాలట. చదివి, బోర్డు చూపించాడు. 'ఈ దారి నడకకు మాత్రమే.'

రాఘవమ్మ లేచింది. చీర కొంగు నడుముకి చుట్టి, కాయల్లోకి దిగి, కాళ్ళు ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. నడిచినంత మేరా కాయ కిందది పైకి, పైది కిందికి తిరగబడింది. కల్లంలో కాయ తిరగేసే పద్ధతే అది.

"నేనేం చేస్తన్నానో చెప్పు బాషా బాబూ."

"నడుస్తున్నావమ్మా."

"రోజుకి నాలుగుసార్లు ఇట్లా సాలు సాలూ తిరుగుతా. మీ అధ్యక్షులవారు మూడు చుట్లకి ఇరవైనాలుగుసార్లు కూచుంటారు. ఎవరు ఎక్కువ నడిచారో టేపు పెట్టి కొలువు. తక్కువ నడిచినవాళ్ళు దిగిపోదాం."

బాషా న్యాయంగా ఆలోచించే మనిషి. పైగా అతని కళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. నోటీసు మీద 'విచారణలో ఉన్నది, సోమవారం తిరిగి చూడవలెను' అని రాసుకుని, స్కూటరు స్టార్టు చేసి, తుమ్ములన్నీ దారిలో పూర్తి చేసుకున్నాడు.

దీంతో మేష్టారు యుద్ధనీతి మార్చారు. మర్నాడు తెల్లవారగానే పదిమందిని తెచ్చి, రాత్రి మంచుకి కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పిన కాయ చుట్టూ చాపల మీద కూర్చోబెట్టారు. ప్రాణాయామమట. వాళ్ళు లేచేదాకా కుప్ప విప్పడానికి చోటు లేదు, ఎండేమో ఎక్కుతోంది.

"అందరూ నిండుగా గాలి పీల్చండి," అన్నారు మేష్టారు.

రాఘవమ్మ గాలి చూసుకుంది. కుప్ప మీది పట్టా తీసి, రెండు కాళ్ళతో నాలుగుసార్లు కెలికింది.

"పీల్చండి నాయనలారా. మేష్టారు చెబుతున్నారుగా, నిండుగా పీల్చండి."

ఆ ఊళ్ళో ప్రాణాయామం అంత త్వరగా ముగియడం అదే మొదలు. చాపలు వదిలేసి మరీ వెళ్ళారు.

ఐదో రోజు, శనివారం సాయంత్రం, పడమటి నుంచి మబ్బు లేచింది. ఆ కాలంలో రాని మబ్బు. రాఘవమ్మ ఒక్కతే ఉంది. పరిచిన కాయంతా కుప్ప చేయాలి, పట్టా కప్పాలి. గాలి అప్పుడే కొంగు ఎగరేస్తోంది. మేష్టారు మూడో చుట్టులో అక్కడికి చేరారు.

ఆ పక్క పల్లెల్లో ఒక కట్టుబాటుంది. కల్లంలో కాయ ఉండగా మబ్బు పడితే, దారినపోయేవాడు పిలవకుండానే వంగాలి. పగవాడైనా సరే, పెళ్ళికి వెళ్తున్నవాడైనా సరే. రాఘవమ్మ పిలవలేదు. పిలిస్తే నోరు పడిపోతుందన్నట్టు పళ్ళు బిగించి కాయ ఊడుస్తోంది. మేష్టారు మబ్బు వంక చూశారు, కాయ వంక చూశారు, ఎవరైనా చూస్తున్నారేమోనని చెరువు చుట్టూ చూశారు. తర్వాత వాళ్ళ నాన్ననీ, పంచాయతీనీ, రాఘవమ్మ వంశాన్నీ వరసగా తిట్టుకుని, పాంటు మోకాళ్ళదాకా మడిచి వంగారు.

"ఆ మూల లాగు! పాఠం చెబుతున్నావా, గట్టిగా లాగు!" మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"లాగుతున్నా కదే! రాయి పెట్టు ముందు."

పట్టా కప్పాక రాఘవమ్మ కాళ్ళ కింది సిమెంటు చూసి నెత్తి కొట్టుకుంది. మట్టి కల్లమైతే చుట్టూ కాలువ తవ్వేది, నీళ్ళు పక్కకి పోయేవి. సిమెంటు మీద పడ్డ చినుకల్లా తిన్నగా కుప్ప కిందికే వస్తుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉండి, సర్కారు చేసిన మర్యాదకి మురిసి ఈ సంగతే చూసుకోలేదు.

"గడ్డపార ఉందా?" అన్నారు మేష్టారు.

"సిమెంటుకి గడ్డపారేంటి, తలకాయ!"

"తవ్వడానికి కాదే, కట్టడానికి. మట్టి తెద్దాం."

ఇద్దరూ కట్ట వాలు మీది మట్టిని గడ్డపారతో, చేతులతో పెళ్ళగించి, తట్టల్లో మోసి, ఆ నున్నటి యోగా అరుగు మీద కుప్ప చుట్టూ గట్టు పోశారు. చివరి తట్ట పడుతుండగా వాన దిగింది. అరగంట కురిసింది. మేష్టారు తడుస్తూనే, మిరప చేత్తో కళ్ళు నులుముకుని, ఒక కేక పెట్టి ఇంటివైపు పరిగెత్తారు. డాక్టరు చెప్పినంత వేగంగా ఆయన నడిచింది ఆ ఒక్కసారే.

ఆదివారం ఎండ కాసింది. పట్టా తీస్తే మేష్టారు లాగిన మూల ఒక గంపెడు కాయ చెమ్మగిల్లింది. మిగతాదంతా ఎర్రగా ఉంది. సాయంత్రం శ్రీకృష్ణ వచ్చి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ గలగలమంది.

"సరే, వచ్చే ఏడూ నువ్వే చెయ్యి," అన్నాడు.

సోమవారం పొద్దున కాయ గుంటూరు యార్డుకి పోయింది. పది గంటలకి బాషా ఇంకో కాగితంతో వచ్చాడు.

"వాకర్స్ సంఘం కొత్త ఫిర్యాదమ్మా. అరుగు మీద మట్టి పోసి ప్రజల ఆస్తి పాడుచేశారట."

"ఎవరు పోశారని రాశారు?"

"గుర్తు తెలియని వ్యక్తులు అని ఉంది."

"సంతకం?"

"అధ్యక్షులవారిదే. కాస్త వంకరగా ఉంది. రెండు రోజులుగా కళ్ళు కనపడట్లేదంట."

"ఆ గుర్తు తెలియని వ్యక్తికి పట్టా మూల బిగించడం రాదని కూడా రాసుకో. గంపెడు కాయ పాడుచేశాడు సన్నాసి," అంది రాఘవమ్మ. అంటూనే అరుగు మీది మట్టి గట్టును ఇంకో జానెడు ఎత్తు చేసి, మూడో కోత కాయ గంపలు ఒక్కొక్కటే దింపుకోసాగింది. బాషా రెండడుగులు వెనక్కి వేసి, గాలి చూసుకుని, ఫిర్యాదు మీద 'విచారణలో ఉన్నది' అని రాసుకున్నాడు.