చెలిమెలో సింగిడి

మా పక్క క్వార్టరు అవ్వ మొన్న పొద్దున పోయింది. పంపు దగ్గర బిందెతో వరుసలో నిలబడి ఉంటే అమ్మ వచ్చి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

కాలేజీ పత్రికలో అవ్వ గురించి రాస్తానంటే తెలుగు సారు సంతోషించారు. చివర్లో ఆమె ఆత్మకు శాంతి కలగాలని రాయమన్నారు. ఆ ఒక్క వాక్యం నా చేత కాదు. బతికి ఉండగా ఆమెను శాంతిగా ఉండనివ్వని వాళ్లం, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని కోరాలి?

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. వంతెన కింద వాగు ఇసుకలో, చీర ఎగదోపి కూర్చొని రెండు చేతులతో ఇసుక తోడుతుండే ముసలామె. మా పంపు నీళ్లు ఏ పూట వస్తాయో తెలియదు. తాగే నీళ్ల కోసం మా క్వార్టర్ల వరుస ఆడవాళ్లు వాగుకు పోయి, ఇసుకలో గుంత తీసి, అందులో ఊరే నీళ్లు ముంచుకొనేవారు. చెలిమె అంటే అదే. మిగతావాళ్లు నీళ్లు కనబడగానే ముంచేవారు. అవ్వ మాత్రం మొదట ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో తోడి దూరంగా పారబోసేది. మళ్లీ ఊరేదాకా పక్కన కూర్చొని తమలపాకు నమిలేది.

"అవ్వా, జల్ది ముంచు. నాకు బడి టైమయితుంది" అని నేను గునిసేదాన్ని.

"నీ బడి యాడికి పోదు. తొందరపడితె మడ్డి తాగుతవు బిడ్డా" అనేది.

నీళ్లకు రుచి ఉంటుందని నాకు తెలిసింది ఆ చెలిమె దగ్గరే.

తరువాత వంతెన పక్కన లారీల షెడ్డు పడింది. బొగ్గు లారీలు, బసంత్‌నగర్ సిమెంటు లారీలు అక్కడ ఆగి ఇంజను నూనె మార్చుకొనేవి. కాలిన నూనెను, పాత బ్యాటరీల నీళ్లను క్లీనర్లు డబ్బాలతో తెచ్చి వాగులో గుమ్మరించేవారు. ఇసుక పీల్చుకుంటుంది, కంటికి ఏమీ కనబడదు. ఒక ఎండాకాలం అవ్వ చెలిమెలో నీళ్లతోపాటు రంగులు ఊరాయి. ఆకాశంలో వానకు ఏడు రంగుల్లో విరిసే సింగిడి ఉంది చూడండి, అచ్చం అట్లాగే. అప్పటిదాకా సింగిడి నాకు చాలా ఇష్టమైన మాట. ఇప్పుడు ఎక్కడ చదివినా ముక్కుకు లారీ నూనె వాసన కొడుతుంది.

అవ్వ ఆ నీళ్లే చెంబులో ముంచుకొని షెడ్డుకు నడిచింది. నేనూ వెంట పోయాను.

"సేటూ, ఎండల కూసున్నవు. నీళ్లు తెచ్చిన, తాగు."

షెడ్డు సేటు చెంబులోకి తొంగిచూసి నవ్వాడు. "దూప లేదవ్వా."

"ఒక్క గుక్క తాగు. గొంతు తడిస్తె చాలు. నువ్వు తాగితె నేను మారు మాట్లాడకుంట పోత."

"అరే, అవ్వకు చాయ్ చెప్పుర్రి!"

"గా చాయ్ ఈ నీళ్లతోనే పెట్టిస్తవా?"

క్లీనర్లు పకపకా నవ్వారు. సేటు ముఖం మాడింది. "మరి యాడ పొయ్యాలె? నీ నెత్తి మీద పొయ్యాల్నా?"

"నా నెత్తి మీద పోస్తె కడుక్కుంట. వాగునెట్ల కడగాలె?"

ఊరికే తిట్టి వచ్చే మనిషి కాదు ఆమె. పుట్టినూరి నుంచి కట్టెలు తెచ్చే బండ్లవాళ్లతో మాట్లాడింది. బండి ఇరుసుకు పెట్టడానికి, దూలాలకు చెద పట్టకుండా పూయడానికి కాలిన నూనె వాళ్లకు కావాలి. షెడ్డు పక్కన ఒక డ్రమ్ము పెట్టించింది. క్లీనర్లు అందులో పోస్తే బండ్లవాళ్లు నింపుకొని పోయేవారు. అడిగేవాళ్లు లేక ఇన్నాళ్లు వాగులో పోయించాడు గాని, అడిగితే సేటు ఒప్పుకున్నాడు. చెలిమె మెల్లమెల్లగా తేరుకుంది.

ఇక్కడి నుంచి నా కోపం సేటు మీద కాదు, మన మీద.

వానాకాలం దోమలు ముసిరాయి. అంతకు ముందు మలేరియా వాళ్లు వచ్చి, నిలవ నీటి గుంతల్లో ఏదో నూనె చల్లిపోయారు. అది చూసిన మనవాళ్లకు నూనెలన్నీ ఒకటేననిపించింది. షెడ్డు దగ్గర డ్రమ్ము నిండా ఉండనే ఉంది. గనిలో షిఫ్టు దిగినవాళ్లు డబ్బాలు పట్టుకొని బారులు తీరారు. ఇంటింటి వెనక మురుగు పారే మోరీలో కాలిన నూనె పోశారు. పండుగకు ఇంటికి సున్నం వేసినంత సంబరంగా! మా అక్క మొగుడైన బావ అందరికంటే ముందున్నాడు.

అవ్వ మోరీకి అడ్డం నిలబడింది.

"దోమల మందవ్వా! జరగు, నీ ఇంటెనుక గూడ పోస్త" అన్నాడు బావ.

"దోమ కుడితె గోక్కుంటవు. గీ మోరి యాడికి పోతదో, ఒక్కపారి దీని ఎంబడి నడిచి చూడురా!"

"నీ ముక్కు పెద్దదవ్వా. మాకైతె ఏ వాసనా వస్తలేదు."

అందరూ నవ్వారు. మోరీ వెంట ఎవరూ నడవలేదు. నడిస్తే వాగులో తేలేవారు.

వానలు పోయి ఇసుక బయటపడ్డాక, వంతెన కింద ఏ చెలిమె తీసినా నూనే. ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టి పంపు దగ్గరికి మళ్లారు. అవ్వ ఒక్కతే ఎవరినీ తిట్టలేదు. అది చూస్తే నాకు భయమేసింది.

"లారోళ్లు పోస్తె కొట్లాడిన. ఇప్పుడు మీరే పోస్తిరి. ఎవలతోని కొట్లాడాలె బిడ్డా?"

అయినా వాగుకు పోవడం మానలేదు. ఇసుక తోడేది, మొదటి నీళ్లు పారబోసేది, ఊరేదాకా కూర్చొనేది. మళ్లీ వాసన చూసి ఖాళీ బిందెతో ఇంటికి వచ్చేది. "ఎప్పుడో ఓనాడు మంచియి ఊరుతయ్" అనేది. చివరికి జ్వరం పట్టుకుంది. దవాఖానకు రానంది. నూనె వల్లే పోయిందని నేననను, నాకు తెలియదు. ఆమె ఎదురుచూసిన నీళ్లు మాత్రం ఊరలేదు. అది తెలుసు.

మొన్న సేటు పూలదండ తెచ్చాడు. మంచి మనిషి అన్నాడు. బావ పాడె కట్టాడు. ఆఖరి స్నానం పోయాలంటే పంపు రాలేదు. "వాగు నీళ్లు తేర్రి" అన్నాడు అవ్వ కొడుకు. ఎవరూ కదలలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

అమ్మ లేచి అవ్వ కొబ్బరి చిప్ప తీసుకుంది. వంతెన దాటి, మోరీలు కలవని చోటుకు, ఎగువకు చాలా దూరం నడిచి చెలిమె తీశాం. బావ ఉరుక్కుంటూ వచ్చాడు.

"జల్ది ముంచుర్రి, పొద్దెక్కుతుంది!"

అమ్మ మొదటి నీళ్లు తోడి దూరంగా పారబోసింది. "ఆగు. ఆమె ఆగకపోయేదా?" అంది.

బావ ఇసుకలో కూలబడ్డాడు. మళ్లీ నీళ్లు ఊరేదాకా, అక్కడ వాకిట్లో, అవ్వ ఆగింది.

బిందెతో తిరిగి వస్తుంటే వంతెన కింద ఆమె పాత చెలిమె కనబడింది. పైన మబ్బు లేదు, వాన లేదు. గుంత నిండా సింగిడి.