ముందు ఆయన పేరు

మా గైడ్ మేడమ్ ఇక లేరు. పోయిన ఆదివారం పొద్దున మియాపూర్‌లో, తన ఇంట్లో టీ పెట్టుకుంటూ కుప్పకూలిపోయారు. దవాఖానకు చేరేలోపే గుండె ఆగిపోయిందని ఆమె చెల్లెలు చెప్పింది. అప్పటి నుంచి ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

రాయదుర్గంలోని మా పరిశోధనశాలలో ఆమె దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కాంక్రీటు లోపల పుట్టే సన్నని పగుళ్లను శబ్దంతో పసిగట్టడం మా పరిశోధన. మేడమ్ ఏ వ్యాసాన్నైనా చివరి పేజీలోని ఆధారాల జాబితా నుంచి చదివేవారు. రాసినవాళ్లు ఎవరెవరిని తలుచుకున్నారో ముందు తెలియాలి ఆమెకు. మాకు సంబంధం లేని వైద్య వ్యాసాలు కూడా అచ్చు తీసి మా బల్లల మీద పెట్టి వెళ్లేవారు.

అలా చదువుతూ ఒకరోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మేం కనిపెట్టామనుకున్న పద్ధతిని అనంతపురంలో ఎముకల మీద పనిచేసే ఒక మాస్టారు ఎప్పుడో రాశారు. ఆయన దానికి పెట్టిన పేరు వేరు కావడంతో మా రంగంలో ఎవరి కంటా పడలేదు. అప్పటికే మా వ్యాసం అచ్చుకు వెళ్లింది. మేడమ్ ప్రమోషన్ దాని మీదే ఆధారపడి ఉంది. ఆయనది ఎముకలు, మనది కాంక్రీటు, ఎవరూ అడగరని తోటివాళ్లు నచ్చజెప్పబోయారు.

"పేరు వేరే పెట్టిండు. గంత మాత్రాన ఆయన కష్టం లేకుండ పోతదా?" అన్నారు మేడమ్. "వాపసు తీసుకుందాం. ముందు ఆయన పేరు రాయాలె."

ప్రమోషన్ మరొకరికి వెళ్లింది. దాని గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు. మాస్టారికి మెయిల్ రాశారు. ఆయన పనిని అంతవరకూ ఎవరూ ప్రస్తావించలేదట. తన దగ్గరున్న కొలతలన్నీ అడక్కుండానే పంపించారు. ఇద్దరూ మెయిళ్లు రాసుకుంటూనే కలిసి కొత్త వ్యాసం పూర్తిచేశారు. అది అచ్చయ్యాక ఆయన్ని హైదరాబాద్ పిలిచి, అందరం కలిసి భోంచేద్దామన్నారు మేడమ్. అచ్చయింది. పిలిచేలోపే ఆమె వెళ్లిపోయారు.

అంత్యక్రియలకు మాస్టారు బస్సులో వచ్చారు. అందరూ వెళ్లాక మేడమ్ అపార్ట్‌మెంట్ మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు.

"ఆమె గొంతు ఎట్లుంటాదమ్మా?" అని మెల్లగా అడిగారు. "అంతా రాసుకోవడమే. ఒక్కసారైనా వినలేదు నేను."

ఫోన్‌లో మేడమ్ పంపిన పాత వాయిస్ మెసేజ్ ఒకటి వెతికి ఇచ్చాను. "జర తిని కూసో బిడ్డా, పని యాడికీ పోదు." అంతే ఉంది అందులో.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. గొంతు ఆగిపోయాక కూడా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు.